కొరియా, జపాన్ డ్రామాల చివర అసలేం జరిగింది? ‘చూశాం’, ‘అట’ విడదీసి అర్థం చేసుకునే పద్ధతి

మన అమ్మమ్మలు చెప్పిన కథలన్నీ ఒకేచోట ఆగేవి: కథ కంచికి, మనం ఇంటికి. రాక్షసుడు చచ్చాడో లేదో తేల్చకుండా, రాజకుమారి ఎవర్ని పెళ్లాడిందో చెప్పకుండా ఏ అమ్మమ్మా మనల్ని నిద్రపుచ్చలేదు. అలా పెరిగినవాళ్లం రాత్రి పన్నెండింటికి పదహారో ఎపిసోడ్ పూర్తిచేస్తాం. తెర నల్లబడి పేర్లు పడుతుంటాయి. “ఇంతకీ వాడు బతికున్నట్టా, పోయినట్టా?” అని పక్కవాళ్ల మొహం చూస్తాం. వెంటనే ఫోన్ తీసి, ముగింపును వివరించే వీడియో వెతుకుతాం. ఎవరో పది నిమిషాల్లో తన అభిప్రాయం చెప్పేస్తారు. అదే మన అభిప్రాయం అయిపోతుంది.

నాకు ఇది చాలా ఏళ్లు బాధగా ఉండేది. పదహారు గంటలు కూర్చుని చూసింది నేను, అర్థం చెప్పేది ఇంకెవరో. ఆ వీడియో పెట్టకముందు ఒక గంట నోటుపుస్తకంతో కూర్చోవడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది.

తేలని కథలు మనకు కొత్తేం కాదు. చందమామలో బేతాళ కథలు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. శవంలోని బేతాళుడు కథంతా చెప్పి, చివర్లో ఒక చిక్కుప్రశ్న వేసి ఆగుతాడు. విక్రమార్కుడు సొంతంగా ఏదీ కల్పించడు. విన్న కథలోని వివరాల్లోంచే జవాబు తీస్తాడు. ఇక్కడ చెప్పే పద్ధతి కూడా అదే, కాస్త వివరంగా.

ముందే ఒక హెచ్చరిక. బర్నింగ్, మాన్‌స్టర్, మెమరీస్ ఆఫ్ మర్డర్, ది వెయిలింగ్, ఇన్‌ఫర్నల్ అఫైర్స్, గాబ్లిన్, సిగ్నల్, ది అన్‌టేమ్డ్, లవర్స్ ఇన్ పారిస్, వీటి ముగింపులు కిందనంతా విప్పి రాశాను. చూడనివి ఉంటే ముందు చూసి రండి.

1. మీరు చూసింది ఏ ముగింపో తెలుసుకోండి

ఇది చిన్న పనే, కానీ ముందు చేయాల్సింది ఇదే. 2002లో హాంకాంగ్‌లో వచ్చిన ఇన్‌ఫర్నల్ అఫైర్స్ సినిమానే తీసుకోండి. పోలీసుల్లో చేరిన మాఫియా మనిషి ఒకడు, మాఫియాలో చేరిన పోలీసు ఒకడు. హాంకాంగ్ ప్రింట్‌లో మాఫియా మనిషి దొరకడు. పోలీసు గుర్తింపు కార్డుతో, మంచి పేరుతో లిఫ్టులోంచి బయటికి నడిచి వస్తాడు. చైనా ప్రధాన భూభాగం కోసం వేరే ముగింపు తీశారు. అందులో లిఫ్టు దగ్గరే అతన్ని పట్టుకుంటారు. రెండు ఊళ్లలో చూసినవాళ్లు ఒకరితో ఒకరు వాదించుకుంటే ఆ వాదన ఎప్పటికీ తెగదు, ఎందుకంటే వాళ్లు చూసింది ఒకే సినిమా కాదు.

ఈ సినిమా చైనా పేరుకు అర్థం ‘విరామం లేని దారి’. బౌద్ధంలో అవీచి అనే నరకం ఉంది, అక్కడ బాధకు మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. పేరు తెలిశాక హాంకాంగ్ ముగింపు మళ్లీ చూడండి. దొరక్కుండా తప్పించుకున్నాడని మనం అనుకున్న మనిషి, నిజానికి ఆ నరకంలోనే మిగిలిపోయాడు. అరెస్టు చేసిన ముగింపులో ఆ పేరుకు పని లేకుండా పోయింది. అందుకే మూలభాషలో పేరేమిటో, దానికి అర్థమేమిటో కూడా ఈ అడుగులోనే రాసుకోండి. ఇంగ్లీషు పేరు చాలాసార్లు అమ్మకం కోసం పెట్టింది.

2. కావాలని తెరిచి ఉంచారా, తొందరలో అలా మిగిలిపోయిందా?

ప్రతి అస్పష్టతలోనూ లోతు ఉండదు. ఈ మాట చెప్పడానికి చాలామంది అభిమానులు ఒప్పుకోరు గానీ, చెప్పకపోతే మన సమయం వృథా అవుతుంది.

కొరియా టీవీలో చాలా ఏళ్లు ఒక పద్ధతి నడిచింది. వారానికి రెండు ఎపిసోడ్లు ప్రసారమవుతూ ఉంటే, మరోపక్క షూటింగ్ జరుగుతూనే ఉండేది. రేటింగ్ బాగుంటే ఎపిసోడ్లు పెంచేవారు, లేకపోతే తగ్గించేవారు. ఆ రోజు తీయాల్సిన సీన్ల కాగితాలు ఆ రోజే సెట్‌కు వచ్చేవి. వాటికి అక్కడ ‘చోక్ డేబోన్’ అని పేరు, అంటే ముక్కలు ముక్కలుగా వచ్చే స్క్రిప్టు అన్నమాట. 2016లో డిసెండెంట్స్ ఆఫ్ ది సన్ మొత్తం ముందే షూట్ చేసి ప్రసారం చేశారంటే అప్పట్లో అదే ఒక వార్త. కాబట్టి పాత డ్రామాలో పదో ఎపిసోడ్‌లో కనిపించిన ఉత్తరం సంగతి చివరిదాకా ఎవరూ ఎత్తకపోతే, దాని వెనక గూఢార్థం వెతికే ముందు ‘రాయడానికి టైం చాలలేదేమో’ అని కూడా ఆలోచించాలి.

తేడా పట్టుకోవడానికి నేను వాడే కొలత ఒకటుంది. కావాలని వదిలిన ప్రశ్నకు ముందు నుంచీ తయారీ కనిపిస్తుంది. కొరియా ప్రేక్షకులు ఇలాంటి ముందస్తు ఆనవాళ్లను ‘త్తొక్‌పాప్’ అంటారు, అంటే చేపలకు వేసే ఎర. చివర్లో అవన్నీ లెక్క తేలితే ‘ఎర వెనక్కి తీసుకున్నారు’ అంటారు. ఎర వేసిన గుర్తులు మూడో, నాలుగో దొరికితే అది కావాలని చేసిందే. ఒక్కటీ లేకుండా చివరి పది నిమిషాల్లో కథ తిరగబడితే అనుమానించాల్సిందే.

2004లో లవర్స్ ఇన్ పారిస్ అలాగే ఆగ్రహం తెచ్చుకుంది. కొరియాలో ఊరూవాడా చూసిన ప్రేమకథ అది. చివరికి వచ్చేసరికి ఇదంతా హీరోయిన్ రాస్తున్న స్క్రిప్టు అని తేలింది. అన్ని వారాలు వాళ్లతోపాటు నవ్వి ఏడ్చిన జనానికి కోపం రావడంలో తప్పు లేదు. కల్పన అనే ఆలోచన తప్పని కాదు. దానికి తగినంత తయారీ కనిపించకపోవడమే వాళ్లను బాధపెట్టింది. ఇదే ‘ఎవరో రాస్తున్న కథేమో’ అనే ఆలోచన ఇంకో సినిమాలో ఎంత బలంగా నిలబడిందో నాలుగో అడుగులో చూద్దాం.

మూడో రకం కూడా ఒకటుంది, తర్వాతి సీజన్ కోసం తెరిచి ఉంచిన తలుపు. 2016లో వచ్చిన సిగ్నల్‌లో రాత్రి 11:23కి ఒక పాత వాకీటాకీ మోగుతుంది. గతంలోని డిటెక్టివ్, ఇప్పటి పోలీసు మాట్లాడుకుంటారు. చివరి సీన్‌లో ఇప్పటి పోలీసు, అతనితో పనిచేసే మహిళా డిటెక్టివ్ ఇద్దరూ కారులో ఆ గతంలోని డిటెక్టివ్‌ను వెతుక్కుంటూ ఒక ఆసుపత్రికి బయల్దేరతారు. ఇది తలుపు తెరిచి ఉంచిన ముగింపే, కానీ మొత్తం కథలో చెప్పిన మాట మాత్రం పూర్తయింది: మధ్యలో వదిలేయకపోతే గతమైనా మారుతుందని. ఇలాంటివాటిలో ‘తర్వాతేమైంది’ అనే ప్రశ్నను పక్కనపెట్టి, ‘ఇప్పటిదాకా ఏం తేలింది’ అని రాసుకుంటే చాలు.

3. ‘చూశాం’, ‘అట’, ‘అనుకున్నాం’: మూడు వరసల పుస్తకం

ఈ వ్యాసం రాసిందే ఈ అడుగు కోసం. ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

తెలుగులో మనకు ఒక చిన్న అక్షరం ఉంది, ఇంగ్లీషులో దానికి సరిసమానం లేదు. ‘వాళ్ల నాన్న వచ్చాడు’ అంటే నేను చూశాను. ‘వాళ్ల నాన్న వచ్చాడట’ అంటే ఎవరో చెప్పారు, నా పూచీ లేదు. ఒక్క ‘ట’తో సాక్ష్యం బరువు మారిపోతుంది. కొరియా భాషలో కూడా విన్నదానికి ఒక తీరు, స్వయంగా చూసినదానికి ఇంకో తీరు క్రియ చివర చేరతాయి. జపాన్ భాషలోనూ ‘అట’ లాంటి మాటలున్నాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో జాగా తక్కువ కాబట్టి ఇవి తరచుగా ఎగిరిపోయి, అన్నీ ‘వచ్చాడు’ అయిపోతాయి. విన్నమాట కాస్తా నిజంలా కనిపిస్తుంది. మనం మోసపోయేది అక్కడే.

అందుకే పుస్తకంలో మూడు వరసలు గీయండి. కెమెరా మనకు నేరుగా చూపించింది ‘చూశాం’లోకి. పాత్ర నోటితో చెప్పింది ‘అట’లోకి, పక్కన చెప్పినవాళ్ల పేరు. మనకై మనం జతచేసుకున్నది ‘అనుకున్నాం’లోకి. మూడో వరసలో రాసేటప్పుడు కొంచెం నిజాయితీ కావాలి, ఎందుకంటే అక్కడ రాసేవన్నీ మొదట్లో మనకు నిజాలుగానే అనిపిస్తాయి.

2018లో లీ చాంగ్‌డోంగ్ తీసిన బర్నింగ్‌తో చేసి చూపిస్తాను. హరుకి మురాకమి చిన్నకథ ఆధారంగా తీసిన సినిమా. జోంగ్సు అనే పేద కుర్రాడు, రచయిత కావాలని కోరిక. ఉత్తర కొరియా సరిహద్దుకు దగ్గరలో పాజు అనే చోట తండ్రి ఇంట్లో ఉంటాడు. చిన్నప్పుడు తన పక్కింటి పిల్ల హేమి మళ్లీ కలుస్తుంది. ఆమె ఆఫ్రికా వెళ్లి వస్తూ బెన్ అనే డబ్బున్న కుర్రాణ్ణి వెంటబెట్టుకొస్తుంది. కొన్నాళ్లకు హేమి కనిపించకుండా పోతుంది. చివర్లో జోంగ్సు బెన్‌ను పొడిచి, కారుతో సహా తగలబెడతాడు. బెన్ నిజంగా ఆమెను చంపాడా?

మొదటిసారి చూసినప్పుడు నాకు అనుమానమే రాలేదు. బెన్ హంతకుడే అని పడుకున్నాను. రెండోసారి మా అక్కతో కలిసి చూశాను, పుస్తకం పెట్టుకుని. నేను బావి సంగతి ‘చూశాం’లో రాస్తుంటే ఆపేసింది.

“బావిని ఎక్కడ చూశావురా?”

“హేమి చెప్పింది కదక్కా, చిన్నప్పుడు పడిపోతే ఇతనే కనిపెట్టాడని.”

“చెప్పింది. ఇతనికి గుర్తే లేదు. ‘పడిందట’ అని రాయి.”

ఆ ఒక్క ‘అట’తో నా లెక్క మొత్తం కదిలింది. సినిమాలో ఆ బావి గురించి నలుగురైదుగురు మాట్లాడతారు. హేమి ఉందంటుంది. హేమి ఇంట్లోవాళ్లు లేదంటారు, పైగా ఆమె కథలు బాగా అల్లుతుందంటారు. ఊళ్లో పెద్దమనిషీ లేదనే అంటాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన జోంగ్సు తల్లి మాత్రం ఉండేదంటుంది, నీళ్లు లేని బావి అని. బావి మాత్రం తెరమీద ఒక్కసారీ కనిపించదు.

మా పుస్తకంలో ఆ రాత్రి మిగిలిన వరసలు ఇలా తేలాయి.

చూశాం: హేమి గదిలో పిల్లికి పెట్టిన మేత అయిపోయింది, ఇసుక ట్రేలో మలం ఉంది, పిల్లి మాత్రం కనబడలేదు. బెన్ బాత్రూమ్ సొరుగులో ఆడవాళ్ల నగల్లాంటివి, తర్వాత ఒకసారి గులాబీ రంగు వాచీ. బెన్ ఉండే భవనం పార్కింగ్‌లో తప్పించుకున్న పిల్లిని హేమి పిల్లి పేరుతో ‘బాయిల్’ అని పిలిస్తే దగ్గరికొచ్చింది. జోంగ్సు రోజూ పరిగెత్తుతూ చుట్టుపక్కల గ్రీన్‌హౌస్‌లన్నీ చూశాడు, ఒక్కటీ కాలలేదు.

అట: బెన్ రెండు నెలలకోసారి పాడుబడ్డ గ్రీన్‌హౌస్ ఒకటి తగలబెడతాడట (బెన్). ఈసారిది జోంగ్సు ఇంటికి బాగా దగ్గరలోనే కాల్చేశాడట (బెన్). పిల్లి వీధిలో దొరికిందట (బెన్). హేమికి కార్డు అప్పులున్నాయట (ఇంట్లోవాళ్లు).

అనుకున్నాం: గ్రీన్‌హౌస్ అంటే అమ్మాయి. వాచీ హేమిదే. పిల్లి హేమిదే. హేమి చచ్చిపోయింది.

ఇలా రాశాక కనిపించేది ఏమిటంటే, హత్య అనే మాట మూడో వరసలో తప్ప ఎక్కడా లేదు. ఆ వాచీ కూడా ఒక షాపు ముందు లక్కీడ్రాలో జోంగ్సుకు వచ్చిన చవక వాచీ, అతను హేమికి ఇచ్చాడు. అలాంటివి ఊళ్లో ఎన్నైనా ఉండొచ్చు. పేరు పెట్టి పిలిస్తే వచ్చే పిల్లి కూడా ఆ ఒక్కటే కానక్కర్లేదు. బెన్ నిర్దోషి అని నేను అనడం లేదు. చూసినంతలో నాకు తెలిసింది ఎంతో, కలిపి కుట్టింది ఎంతో ఆ రాత్రే మొదటిసారి తెలిసింది.

సినిమా మొదట్లోనే హేమి ఒక మూకాభినయం చేస్తుంది. లేని కమలాపండు తొక్క తీసి, తొనలు వలిచి, నమిలి మింగుతుంది. దాని కిటుకు కూడా చెబుతుంది: ఇక్కడ పండు ఉందని అనుకోవడం కాదు, లేదనే సంగతి మర్చిపోవాలి. మనం చివరి రెండు గంటలూ చేసింది అదే పని.

ఒక జాగ్రత్త. చూస్తూ చూస్తూ ఆపి రాయొద్దు. మొదటిసారి హాయిగా చూడండి, ఏడవాల్సిన చోట ఏడవండి. పుస్తకం రెండోసారికి.

4. ఈ సీన్ ఎవరి కళ్లతో చూస్తున్నాం?

‘చూశాం’ వరసలో రాసిన ప్రతిదాని పక్కనా ఇంకో చిన్న ప్రశ్న వేయాలి. ఆ సమయంలో అక్కడ ఎవరున్నారు? కథలో చాలా భాగం ఒకే మనిషి వెంట నడుస్తుంటే, కెమెరా అతన్ని వదిలిన క్షణాన్ని గుర్తు పెట్టుకోండి.

బర్నింగ్‌లో దాదాపు ప్రతి సీన్‌లోనూ జోంగ్సు ఉంటాడు. అతను చూసిందే మనం చూస్తాం. ఆఖరికి దగ్గరలో హేమి ఖాళీ గదిలో అతను లాప్‌టాప్ ముందు కూర్చుని టైప్ చేస్తుంటాడు. కెమెరా మెల్లగా కిటికీలోంచి వెనక్కి, బయటికి వచ్చేస్తుంది. ఆ వెంటనే జోంగ్సు లేని సీన్ ఒకటి వస్తుంది: బెన్ తన ఇంట్లో ఇంకో అమ్మాయికి మేకప్ వేస్తుంటాడు. ఆ తర్వాతే హత్య. సినిమా అంతా ‘నాకు రాయడానికి ఏదీ తోచడం లేదు’ అన్నట్టున్న కుర్రాడు మొదటిసారి రాయడం మొదలుపెట్టాడు, వెంటనే కెమెరా అతన్ని వదిలేసింది. ఆ తర్వాత చూసింది జరిగిన సంగతా, అతను రాసిన కథా? లవర్స్ ఇన్ పారిస్‌లో కోపం తెప్పించిన ఆలోచనే ఇక్కడ ఒళ్లు జలదరింపజేస్తుంది. అక్కడ లేని తయారీ ఇక్కడ మొదటి సీన్ నుంచీ ఉంది.

కొన్ని సినిమాలు ఈ పనిని మన కోసం బాహాటంగానే చేస్తాయి. జపాన్ దర్శకుడు కొరె-ఎడా తీసిన మాన్‌స్టర్‌లో అవే రోజుల్ని తల్లి వైపు నుంచి ఒకసారి, టీచర్ వైపు నుంచి ఒకసారి, పిల్లల వైపు నుంచి ఒకసారి చూస్తాం. మొదటి భాగంలో రాక్షసుడిలా కనిపించిన టీచర్ మీద రెండో భాగంలో జాలేస్తుంది. అలాంటివాటికి పుస్తకంలో ఎవరి భాగానికి వాళ్ల పేజీ పెట్టుకోండి. మూడు పేజీల్లోనూ మారకుండా నిలిచిన సంగతులు ఏవో చూడండి. గట్టి నేల అదొక్కటే.

5. మళ్లీ కనిపించిన వస్తువు, ఈసారి ఏం మారింది?

ముగింపు మాటల్లో ఉండదు, వస్తువుల్లో ఉంటుంది. చివరి సీన్‌ను సౌండ్ తీసేసి ఒకసారి చూడండి. తెరమీద ఏమున్నాయో రాయండి: తలుపు, వాన, చెప్పులు, కంచె, ఏదైనా సరే. వాటిలో ముందు కనిపించినవి ఏవి? అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి?

మాన్‌స్టర్‌లో ఇద్దరు పిల్లలు పాడుబడ్డ రైలుపెట్టెను తమ లోకం చేసుకుంటారు. పట్టాలు ముందుకు పోకుండా ఒక అడ్డుకంచె ఉంటుంది. తుఫానులో కొండచరియ విరిగిపడుతుంది. తల్లీ, టీచరూ వెతుక్కుంటూ వస్తారు. పిల్లలు వాళ్లకు దొరికినట్టు సినిమా చూపించదు. తర్వాత పిల్లలిద్దరూ బురదతో బయటికి పాకి వచ్చి, ఎండలో పచ్చని గడ్డి మధ్య పరిగెడతారు. అడ్డుకంచె ఇప్పుడు లేదు.

బతికారా, పోయారా? కంచె లేకపోవడం, ఆ వెలుగు చూసి చనిపోయారనే చాలామంది అంటారు. అయితే ‘అట’ వరస కూడా తెరవండి. మళ్లీ పుట్టామా అని ఒకడు అడిగితే, లేదు, ఎప్పట్లాగే ఉన్నామన్నట్టు ఇంకొకడు చెబుతాడు. అది విని మొదటివాడు సంతోషిస్తాడు. కొండచరియ కంచెను కూడా కొట్టుకుపోయి ఉండొచ్చు కదా. నేను బతికారనే నమ్ముతాను. మరో జన్మ ఎత్తితే తప్ప సుఖపడలేమని అనుకున్న పిల్లలు, మారకుండానే సంతోషంగా ఉండగలగడం ఆ కథలో అన్నిటికంటే పెద్ద సంగతి. వాళ్లను చంపేస్తే ఆ మాట ‘ఎప్పట్లాగే’కి విలువ ఉండదు. మీరు ఒప్పుకోకపోవచ్చు, కానీ ఒప్పుకోకపోవడానికి కంచెనూ, ఆ మాటనూ రెండింటినీ లెక్కలోకి తీసుకోండి.

6. ఆ ఊరి నమ్మకాలు, ఆ ఊరి కట్టుబాట్లు

మనకు అస్పష్టంగా కనిపించేది అక్కడివాళ్లకు చాలాసార్లు స్పష్టంగానే ఉంటుంది. గాబ్లిన్ (2016–17) చివర చూసి “ఇదేంటి, చచ్చిపోయిన పిల్ల స్కూలు యూనిఫాంలో ఎలా వచ్చింది?” అని అడిగిన అమెరికా స్నేహితురాలికి వివరించడానికి మా అక్కకు రెండు నిమిషాలు పట్టలేదు. పునర్జన్మ అంటే మనకు అమ్మ చెప్పిన కథల్లోదే. ఆ డ్రామా ప్రకారం మనిషికి నాలుగు జన్మలు: విత్తనం వేయడానికి ఒకటి, నీళ్లు పోయడానికి ఒకటి, కోయడానికి ఒకటి, కోసింది అనుభవించడానికి ఒకటి. చనిపోయినవాళ్లకు మృత్యుదూత ఒక టీ ఇస్తాడు, అది తాగితే గతమంతా మరిచిపోతారు. అమ్మాయి ఆ టీ తాగనంటుంది. అది గమనిస్తే ముగింపులో మిస్టరీ లేదు, ఆమె గుర్తుపెట్టుకునే వచ్చింది.

మనకు తెలియని నమ్మకాలూ ఉంటాయి, అక్కడ మన తెలివి పనిచేయదు. ది వెయిలింగ్ (2016)లో కూతురికి దయ్యం పట్టిన ఒక తండ్రికి, కోడి మూడుసార్లు కూసేదాకా ఇంట్లోకి పోవద్దని తెల్లబట్టల ఆమె చెబుతుంది. ఆమె దేవతా, దయ్యమా తేలక తండ్రి మూడో కూతకు ముందే లోపలికి పోతాడు. బైబిల్లో కోడి కూయకముందే పేతురు మూడుసార్లు యేసును ఎరగనని చెప్పిన ఘట్టం ఉంది. కొరియాలో క్రైస్తవులు చాలామంది, మన ఊళ్లలో పూనకం వచ్చేవాళ్లలాంటి ముదాంగ్‌లూ ఉన్నారు. ఆ రెండు నమ్మకాలూ ఒకే వాకిట్లో ఢీకొనడం ఆ సినిమా భయానికి అసలు మూలం.

కట్టుబాటు అంటే సెన్సారు. ది అన్‌టేమ్డ్ (2019, 50 ఎపిసోడ్లు) మూల నవలలో ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. చైనా టీవీలో అది అలా చూపించడానికి వీల్లేదు. చివర్లో ఇద్దరూ విడిపోయి చెరో దారిన వెళ్తారు. కొన్నాళ్లకు ఒకడు కొండమీద వేణువు వాయిస్తుంటే వెనకనుంచి పిలుపు వినబడుతుంది: “వెయ్ యింగ్!” అతను తిరిగి చూసి నవ్వుతాడు. అంతే. చెప్పడానికి వీల్లేనప్పుడు కళాకారులు ఇలా చూపులో, పిలుపులో చెబుతారు. ఇలాంటిచోట అస్పష్టత అనేది ప్రశ్న కాదు, జవాబును దాచిన చోటు.

7. పిలుపు వినండి

‘వెయ్ యింగ్’ అని ఎందుకు పిలిచాడు? లోకమంతా అతన్ని వెయ్ వూషియన్ అంటుంది. పాత చైనాలో పెద్దయ్యాక పెట్టే పేరు అది, బయటివాళ్లు వాడేది. యింగ్ పుట్టినప్పటి పేరు, బాగా దగ్గరివాళ్లు వాడేది. చివరి సీన్ అర్థం ఆ ఒక్క పిలుపులో ఉంది.

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక మంచి వసతి ఉంది. ఇంగ్లీషులో అందరూ ‘యూ’నే. మనకు నువ్వు, మీరు, తమరు ఉన్నాయి, ఏరా, ఏమండీ ఉన్నాయి. కొరియాలో ‘బాన్‌మల్’ చనువు మాట, ‘జోన్‌డేమల్’ మర్యాద మాట. ‘-యో’తో ముగిసే వాక్యాలు సుమారుగా మన ‘అండీ’ అనుకోవచ్చు. ఎనిమిది ఎపిసోడ్లు ‘అండీ’ అన్న మనిషి హఠాత్తుగా ‘నువ్వు’లోకి దిగితే, పోట్లాట అయినా అవ్వాలి, ప్రేమ అయినా అవ్వాలి. చివరి సీన్‌లో ఏ మాట వాడారో చెవితో పట్టుకోండి, సబ్‌టైటిల్ దీన్ని చెప్పదు. స్క్విడ్ గేమ్‌లాంటివి తెలుగు డబ్బింగ్‌లో కూడా వచ్చాయి. కానీ డబ్బింగ్‌లో నువ్వు, మీరు ఏది వాడాలో నిర్ణయించేది తెలుగు మాటల రచయిత. మంచివాళ్లయితే సరిగ్గా పడుతుంది, అయినా ముగింపు విషయంలో అనుమానం వస్తే మూల ఆడియో పెట్టి ఆ రెండు నిమిషాలు వినండి.

8. రెండు అర్థాలు రాయండి, ఏది ఎంత వదిలేస్తుందో చూడండి

ఇప్పుడు పుస్తకం ముందుంది. కనీసం రెండు ముగింపులు రాయండి, ఒక్కొక్కటి రెండు మూడు వాక్యాల్లో. తర్వాత ‘చూశాం’ వరసలోని ప్రతి సంగతినీ వాటిముందు పెట్టండి. ఈ సంగతి ఈ అర్థంలో ఇముడుతుందా? ఇమడనివాటి కింద గీత గీయండి. గీతలు తక్కువ పడ్డ అర్థమే బలమైనది. ‘అనుకున్నాం’ వరసను మాత్రం సాక్ష్యంగా వాడొద్దు.

బెన్ చంపాడనే అర్థంలో వాచీ, నగలు, పిల్లి అన్నీ ఇముడుతాయి. ఒకటి ఇమడదు. చివర్లో జోంగ్సు రమ్మంటే బెన్ ఆ పొలం మధ్యకు వచ్చి, కారు దిగి, హేమి ఎక్కడ, హేమి కూడా ఉంటుందన్నావు కదా అన్నట్టు అడుగుతాడు. మా అక్క అక్కడే ఆపింది. “చంపినవాడైతే ఆమె కోసం ఎందుకు వస్తాడురా?” నా దగ్గర జవాబు లేదు. నాటకం ఆడుతున్నాడేమో అన్నాను. “అది ఏ వరసలో రాస్తావు?” అంది. మూడో వరసలోనే రాశాను.

హేమి అప్పులకు భయపడి తనంతట తాను వెళ్లిపోయిందంటే ఆ ప్రశ్న ఇముడుతుంది, పిల్లి దగ్గర కష్టమవుతుంది. చివరి భాగమంతా జోంగ్సు రాసిన కథ అనుకుంటే రెండూ ఇముడుతాయి, కానీ అప్పుడు హేమి ఏమైందన్నది పూర్తిగా తెరిచే ఉంటుంది. నేను ఈ మూడోదాని వైపే ఉన్నాను. బెన్ మీద అతనికున్న కోపంలో హేమి ఎంత, డబ్బు ఎంత అన్నది ఆ సినిమా అడుగుతున్న అసలు ప్రశ్న అని నా నమ్మకం. పోర్షే కారు, పాత ట్రక్కు పక్కపక్కన నిలబెట్టి మరీ అడుగుతుంది.

కొన్నిసార్లు ఎంత రాసినా గీతలు సమానంగానే ఉంటాయి. అప్పుడు ‘ఏం జరిగింది’ అన్నది వదిలి, ‘తెలియకపోవడం ఎవరికి బాధ’ అని అడగండి. బోంగ్ జూన్‌హో 2003లో తీసిన మెమరీస్ ఆఫ్ మర్డర్‌కు ఇదొక్కటే దారి. 1986 నుంచి 1991 వరకు హ్వాసోంగ్ ప్రాంతంలో పది మంది ఆడవాళ్లు హత్యకు గురైన నిజమైన కేసు అది. సినిమా తీసేనాటికి హంతకుడు ఎవరో ఎవరికీ తెలియదు, కాబట్టి ముగింపులో దాచిన జవాబంటూ ఏదీ లేదు. ఏళ్ల తర్వాత, ఉద్యోగం మానేసిన డిటెక్టివ్ మొదటి శవం దొరికిన కాలువ దగ్గర ఆగి లోపలికి తొంగి చూస్తాడు. ఈమధ్యే ఇంకొకాయన కూడా వచ్చి ఇలాగే చూశాడని ఒక చిన్నపిల్ల చెబుతుంది. మొహం ఎలా ఉందంటే, మామూలుగా ఉందంటుంది. డిటెక్టివ్ తలెత్తి నేరుగా కెమెరాలోకి, అంటే మనలోకి చూస్తాడు. హాల్లో ఎక్కడో ఆ హంతకుడు కూర్చుని ఉండొచ్చుననే ఆలోచనతో తీసిన షాట్ అది. 2019లో డీఎన్ఏ పరీక్షతో మనిషి తేలాడు. ఇంకో హత్యకేసులో 1994 నుంచీ జైల్లోనే ఉన్నాడు. జవాబు తెలిశాక కూడా ఆ చూపు చూసి చూడండి, ఒక్క పిసరు బరువు తగ్గదు.

9. ఇప్పుడు వీడియో పెట్టుకోండి

ఇతరుల విశ్లేషణలు చూడొద్దని నేను అనడం లేదు. మీ పుస్తకం నిండాక చూడండి. వాళ్లు చెప్పే ప్రతి వాక్యాన్నీ మీ మూడు వరసల్లో ఏదో ఒకదాంట్లో వేయండి. కొందరు మీరు గమనించని వస్తువును పట్టుకుంటారు, దాన్ని ‘చూశాం’లో చేర్చి మీ గీతలు మళ్లీ లెక్కపెట్టండి. దర్శకుడు ఇంటర్వ్యూలో ఏదైనా చెప్పి ఉంటే ‘అట’ వరసలోనే రాయండి, పక్కన ఆయన పేరు. తీసినవాడి మాటకు గౌరవం ఉంది, కానీ తెరమీద లేనిదాన్ని ఆయన మాట కూడా తెరమీదికి తేలేదు.

ఆరు నెలలో, ఏడాదో ఆగి చివరి పదిహేను నిమిషాలు మళ్లీ చూడండి. మేం బర్నింగ్ మూడోసారి పోయిన సంక్రాంతికి చూశాం. అక్క పాత పుస్తకమే తెచ్చింది. బావి పక్కన ‘ఉందట’ కింద హేమి, జోంగ్సు తల్లి, ‘లేదట’ కింద మిగిలినవాళ్లు. ఈసారి తల్లి పేరు పక్కన పెన్సిల్‌తో ఒక మాట చేర్చింది: ‘పదహారేళ్ల తర్వాత వచ్చింది, డబ్బు కావాలంది.’ కాసేపు దానివైపే చూసి, ఆమె పేరు చుట్టూ ఒక సున్నా చుట్టింది.